పదిహేనో పువ్వు

2023 డిసెంబరు మొదటి వారం. నంద్యాలలో మా ఇంటి ముందుగదే నా కార్ఖానా. అంతకుముందు పన్నెండేళ్లు జాకెట్లు కుట్టాను. మెడనొప్పి వచ్చి మిషను మానేశాక ఫోనులో వీడియోలు చూసి కంజాషి నేర్చుకున్నాను. కంజాషి అంటే జపాను ఆడవాళ్లు తలలో పెట్టుకునే అలంకారం. నేను చేసేవి అందులో గుడ్డపూలు. రెండంగుళాల చదరపు సాటిన్ ముక్కను మూడు మడతలు పెట్టి, ట్వీజర్‌తో, అంటే సన్నటి పట్టుకారుతో పట్టుకుని, అంచును కొవ్వొత్తి మంటకు క్షణం చూపిస్తే కరిగి అతుక్కుంటుంది. అది ఒక రేకు. అలాంటివి పన్నెండు కలిస్తే పువ్వు. మంట దగ్గర అరక్షణం ఎక్కువైతే రేకు నల్లబడుతుంది, నా నోరు చెడుతుంది. క్రిస్మస్ నెలలో మా ఇంట్లో నన్నెవరూ పలకరించరు.

ఆ వారంలోనే ఆళ్లగడ్డ నుంచి విమల వచ్చింది. అక్కడ బడిలో టీచరు, వాళ్ల చర్చిలో ఆడవాళ్ల పాటల బృందాన్ని నడిపేది కూడా ఆమే. పండగనాడు అందరూ తెల్లచీరలు కట్టి, ఒకేలాంటి ఎర్రపూలు పెట్టుకుని పాడాలని ఆమె ఆలోచన. ఎంతమందని అడిగితే పదిహేను మందిమి అంది. పూలు మాత్రం పద్నాలుగు చాలంది. టీచరమ్మకే లెక్క తప్పిందే అని ఆటపట్టించాను.

"తప్పలేదులేక్కా. మా ఆయన పోయి ఆరేండ్లాయ. నేను పెట్టుకోను."

ఇంట్లో ఎవరైనా వద్దన్నారా అంటే, అత్తా తనూ ఇద్దరే ఉంటామని మాత్రం చెప్పింది. కానీ చేతిలో ఉన్న నమూనా పువ్వును కింద పెట్టడానికి చాలాసేపు పట్టింది. నేను ముఖమైనా చూడని ఆ అత్త మీద నాకు ఒళ్లు మండింది.

ఎవరికీ చెప్పకుండా పదిహేనోది కూడా చేశాను. నిజం చెప్పాలంటే అన్నిటికన్నా బాగా చేశాను. విమల పేరు రాసిన చీటీతో అదే డబ్బాలో సర్ది, ఆళ్లగడ్డ వెళ్లే తెలిసినవాళ్ల చేత పంపించాను. నా అంత మంచి మనిషి నంద్యాలలో లేదని ఆ రోజంతా మురిసిపోయాను.

మూడో రోజు విమల ఫోన్ చేసింది. తను బడిలో ఉండగా డబ్బా అత్త చేతికి అందిందట, విప్పి చూసి చీటీ చదివిందట. అప్పట్నుంచి కోడలితో ఒక్క మాట లేదు. నేనడగకుండా ఎందుకు పెట్టినావక్కా అని అడిగింది. ఆమెకు ఇంట్లో ఉన్న ఒక్క తోడునూ నా అతితెలివితో చెడగొట్టాననిపించింది. వరసగా రేకులు మాడ్చాను.

పండగ ఇంకా వారం ఉందనగా, పొద్దున పదిగంటలప్పుడు ఒక పెద్దామె మా గడప దగ్గర నిలబడింది. బక్కపలచని మనిషి, చేతిలో నేను పంపిన డబ్బా. అది చూడగానే విమల అత్త అని అర్థమైంది. రమ్మంటే లోపలికి వచ్చింది గానీ కూర్చోలేదు.

"నువ్వేనా పూలు చేసేది? అడగకుండా ఇదొకటి ఎందుకు పెట్టినావు?"

"తప్పయింది అవ్వా. వెనక్కి తీసుకుంటా. విమలను ఏమీ అనొద్దు."

"నేనేమంటా? పూలు పెట్టుకోవద్దని నేనెప్పుడూ అన్లే. పెట్టుకోమని గూడా అన్లే. ఆరేండ్లు ఒకే ఇంట్లో ఉండి నాకు తోచని మాట, యాడనో ఉండే నీకు తోచింది. సిగ్గయి నాల్గు దినాలు నోరు పెగల్లే."

ఆమె డబ్బా మూత తీసి పదిహేనో పువ్వు నా చేతిలో పెట్టింది.

"నిన్న నేనే కోడలి జడలో పెట్టినా. నిలబడ్లే, జారిపోతాంది. నలుగురి ముందర పాడేటప్పుడు రాలిపడితే అదెట్ల తలెత్తుకుంటాది? గట్టిగా ఉండేట్ల చెయ్."

పువ్వు కింద నేను అతికించేది ఎలిగేటర్ క్లిప్పు, మొసలి నోటిలా తెరుచుకునే రెండు నున్నటి ఇనుప దవడలు. నేను చూసిన వీడియోల్లో ఎవరిదీ నూనె తల కాదు. ఆళ్లగడ్డ జడలకు కొబ్బరినూనె ఉంటుందన్న సంగతి, రోజూ తలకు నూనె రాసుకునే నాకే తట్టలేదు. అంతకుముందు కొన్నవాళ్లు మొహమాటపడి చెప్పలేదు కాబోలు. దవడల లోపల సన్నటి వెల్వెట్ ముక్క అతికించి నా జడకే పెట్టుకున్నాను. అవ్వ రెండుసార్లు లాగి చూసింది. రాలేదు. అప్పుడు కూర్చుని మంచినీళ్లు అడిగింది. మిగతా పద్నాలుగింటికీ వెల్వెట్ వేసేదాకా కదల్లేదు.

నేను అడగకుండా చేసిన పని మంచికే ముగిసిందంటే అది నా గొప్ప కాదు, ఆ పెద్దామె గొప్ప. ఎదుటివాళ్ల ఇంటి సంగతి నాకే తెలిసినట్టు తేల్చేయడం అప్పటినుంచి మానుకున్నాను. తమను వదిలేసి లెక్క చెప్పేవాళ్లు ఇప్పటికీ వస్తుంటారు. మీకూ ఒకటి చేయమంటారా అని నోరు తెరిచి అడుగుతాను. కొందరు వద్దంటారు. ఇంకొందరు పూలవైపు చూసి, ఏ రంగులున్నాయంటారు.

ఆ పండగ రోజు విమల ఫోటో పంపింది. రెండు వరసల్లో తెల్లచీరలు. అందరూ కెమెరాకేసి చూస్తున్నారు, విమల ఒక్కతే తల పక్కకు తిప్పి నిలబడింది. ఎందుకట్లా అని అడిగాను.

"పువ్వు కనపడాలని మా అత్తే తిప్పిచ్చిందక్కా" అని రాసింది.