చుట్టాల బువ్వ

నాకు ఓపిక తక్కువ. ముసలివాళ్లను చూసుకునే పనిలో నన్నెందుకు పెట్టారో ఇప్పటికీ అర్థం కాదు. కర్నూలుకు రాజధాని వచ్చిన కొత్తల్లో ఊళ్లోని వ్యాపారస్థులు కొందరు కలిసి, తుంగభద్ర ఒడ్డున పాడుబడిన సత్రాన్ని బాగుచేయించి, చూసే దిక్కులేని ముసలివాళ్లకు నీడ ఇచ్చారు. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను, గొంతు పెద్దది, ఇంట్లో కాలు నిలవదు. ఆ మూడూ చూసి పని ఇచ్చి ఉంటారు. ముసలివాళ్లు పదకొండు మంది, పెళ్లిళ్లకు వండి పేరు తెచ్చుకున్న వంటాయన ఒకడు, నేను.

ముసలివాళ్లలో పన్నెండో మనిషిగా వచ్చింది అవ్వ. డోన్ అవతల పల్లెలో పుట్టి, చిన్నతనంలోనే మొగుడు పోతే కర్నూలుకు వచ్చి, బండ్లు నిలిచే చోట సంగటి చేసి అమ్ముకుంటూ ముప్పై ఏళ్లు ఒకే గదిలో బతికింది. రాజధాని వచ్చేసరికి ఊళ్లో ఇళ్లకు కరువొచ్చింది. ఆఫీసులే గుడారాల్లో నడిచేవి, గుమాస్తాలు గది కోసం వీధులు పట్టి తిరిగేవాళ్లు. ఇంటాయన అవ్వను ఖాళీ చేయించి ఆ గదిని ఒక గుమాస్తాకిచ్చాడు. డోన్ స్టేషన్లో మూటలు మోసే అన్న కొడుకు ఆమెను వెంటబెట్టుకొచ్చి మా దగ్గర దించాడు. వాడికి పెళ్లాం, నలుగురు పిల్లలు, ఉండేది ఒకటే కొట్టం.

"రెండు నెల్లు ఈడుండత్తా. వేరే ఇల్లు చూసుకోని నేనే వచ్చి తీసుకపోతా" అన్నాడు పోతూ పోతూ. అవ్వ తల ఊపింది. ఆ తల ఊపడాన్ని నేను నమ్మాను.

మరుసటి రోజు పొద్దున నేను వచ్చేసరికి ఆమె తలదువ్వుకుని, బట్టలమూట కట్టుకుని, వాకిట్లో కూర్చుని ఉంది. ఆ మరుసటి రోజూ అంతే. ఎవరైనా పలకరిస్తే లేచి బావి దాకా నడిచేది, బావి నుంచి వాకిటికి వచ్చేది, మళ్లీ బావి దాకా పోయేది. ఆమె తిరుగుతుంటే చూసేవాళ్లకు కళ్లు తిరిగేవి. అన్నానికి పిలిస్తే విస్తరి ముందు ఒక మూలగా ఒదిగి కూర్చుని, రెండు ముద్దలు తిని, "చాలమ్మా, శానా అయ్యింది" అని లేచేది. నెల తిరిగేసరికి చేతుల ఎముకలు బయటపడ్డాయి.

నేను ఊరుకున్నానా అంటే ఊరుకోలేదు. నాకు తెలిసిన మర్యాదంతా చేశాను. నేను పనిలో చేరిన రోజే మా ధర్మకర్త పెద్దాయన చెప్పాడు: ముసలివాళ్లను "మీరు" అనాలి, ఎవరి చేతా పుల్ల ఎత్తించకూడదు, రెండు పూటలా సన్నబియ్యం అన్నం పెట్టాలి. నేను అక్షరం తప్పలేదు. అవ్వ చీపురు పట్టుకుంటే లాక్కున్నాను. చేద పట్టుకుంటే, "మీరు కూర్చోండవ్వా, మేము లేమా?" అన్నాను. ఆమె ఎంత తిరిగితే నేను అంత తియ్యగా మాట్లాడాను. నా జన్మలో ఎవరితోనూ అంత తియ్యగా మాట్లాడలేదు, నాకే వెగటు పుట్టింది.

సత్రానికి ఒక నియమం ఉండేది. చెప్పకుండా గడప దాటిన మనిషిని రెండుసార్లు మన్నిస్తారు, మూడోసారి పేరు కొట్టేసి ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. వాకిట్లో ఎప్పుడూ ఎవరో ఒక ముసలాయన చోటు కోసం కాచుకుని ఉండేవాడు. అవ్వ మొదటిసారి రైలు స్టేషన్ దాకా పోయింది, తీసుకొచ్చాను. ఆ తర్వాత గేటుకు తాళం వేయించాను. తాళం వేసిన రోజు పదకొండు మందీ గేటు వైపే చూస్తూ కూర్చున్నారు. అంతకుముందు వాళ్లలో ఎవరికీ బయటికి పోవాలన్న ఆలోచనే లేదు. ఇదేం ఖర్మరా అనుకుని మూడో రోజుకే తీయించాను. తీయించిన పూటే ఆమె రెండోసారి పోయింది.

ఈసారి డోన్ రోడ్డు మీద దొరికింది. మిట్టమధ్యాహ్నం, మూట నెత్తిన పెట్టుకుని, చెప్పులు లేకుండా నడుస్తోంది. నేను పరుగెత్తుకొచ్చాను, రొప్పుతున్నాను, నెల రోజుల తియ్యదనమంతా ఒక్కసారిగా విరిగిపోయింది.

"యాడికి పోతాండావు? చస్తావా ఈ ఎండలో? ఇంగొక్కసారి పోతే నీ పేరు కొట్టేస్తారు, అప్పుడు యాడుంటావు? నీకేం తక్కువ చేసినామని?" అని రోడ్డు మీదే అరిచాను.

అరుపుకు ఆమె బెదరలేదు. మూట దించి, నన్ను మొదటిసారి నిదానంగా చూసింది.

"తక్కువేంది తల్లీ, ఎక్కువైంది. రోజూ వరి బువ్వ పెడ్తాండారు. పని ముట్టుకోనీరు. చుట్టం వస్తే రెండు పూటలు అట్ల చూస్తారు, మూడో పూటకు చుట్టమే లేచి పోతాది. నేనొచ్చి నెలైంది. ముద్ద నోట్లో పెట్టుకుంటే సిగ్గైతాంది."

మా నాయన తాలూకాఫీసు ఉద్యోగి, మా ఇంట్లో రోజూ బియ్యమే ఉడికేది. కానీ ఈ సీమలో పుట్టినదాన్ని, నాకు తెలియదా? పల్లెల్లో తినేది జొన్న సంగటి, రొట్టె, కొర్ర బువ్వ. బియ్యం దాచేది పండక్కి, చుట్టాలకి, జ్వరం వచ్చి లేచిన మనిషికి. "వాళ్లింట్లో నాకు వరి బువ్వ పెట్టినారు" అని పది ఊళ్లలో చెప్పుకుంటారు, చెప్పుకుని తమ ఊరికి పోతారు. మేము ఆ ముసలివాళ్లకు రెండు పూటలా విస్తరి వేసి, ఇది మీ ఇల్లు కాదు అని చెబుతూ వచ్చాం. నామీద నాకే ఒళ్లు మండింది.

అవ్వను వెనక్కి తీసుకొచ్చి, ఇక సంగటి పెడదామని అడిగితే పెద్దాయన ఒప్పుకోలేదు. "ధర్మం చేస్తా సంగటి పెడ్తే జనం నవ్వరామ్మా?" అన్నాడు. జనం నవ్వితే వాళ్ల పళ్లే కనబడతాయి అని నేనన్నాను. పని పోతుందనుకున్నాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "మద్యాన్నం ఒక్క పూట. అదీ కావల్లన్న వాళ్లకే" అన్నాడు. వంటాయన మాత్రం తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, పెళ్లి వంటలు చేసిన చేత్తో సంగటి కెలకనని తేల్చేశాడు.

ఇంకేముంది, నేనే దిగాను. జొన్నపిండి తెప్పించాను, కుండలో నీళ్లు మరిగించాను, పిండి పోశాను, పోసిన వెంటనే తెడ్డుతో కెలకడం మొదలుపెట్టాను. నిమిషంలో కుండ నిండా ఉండలు కట్టాయి. నేను ఇంకా జోరుగా కెలికాను. వాకిట్లో మూట పక్కన కూర్చున్న అవ్వ వంటింటి గడపలోకి వచ్చి తొంగిచూసింది.

"ఏమ్మే! అట్లనా కెలికేది? పిండి ఉడకనియ్యవా? ఎవరమ్మే నిన్ను కన్నది?"

నెల రోజులుగా ఆమె నన్ను "అమ్మా", "తల్లీ" అనే పిలిచింది. ఇంటి పిల్లను కసిరినట్టు ఈ "ఏమ్మే" నా చెవిన పడగానే నా కడుపు చల్లబడింది. నన్ను ఒక్క తోపు తోసి ఆ కుండలోది వీధిలో ఏ గేదెకైనా పెట్టమని చెప్పి, ఇంకో కుండ ఎక్కించింది. ఎసరు మరిగాక పిండిని మధ్యలో కుప్పగా పోసి, కదపకుండా మూత పెట్టింది. ఉడికాక కుండ దించి, కూర్చుని, రెండు పాదాలతో అదిమిపట్టి, రెండు చేతులా తెడ్డు తిప్పింది. ఎముకలు తేలిన ఆ చేతుల్లో అంత బలం ఎక్కడ దాక్కుందో నాకు తెలియదు. తడిచేత్తో ముద్దలు చేసి, చెనిక్కాయల పచ్చడి నూరి, అందరికీ తానే పెట్టింది. పళ్లు లేని ముసలాయన ఒకడు, "సంగటి నమిలేది లేదు కదా, మింగేదే" అని మూడు ముద్దలు తిన్నాడు. అవ్వ చివర్లో, పొయ్యి దగ్గరే కూర్చుని, నిండుగా తిన్నది.

ఆ తర్వాత సత్రంలో ప్రశాంతత అనేది లేదు. ఉప్పు ఎక్కువైందని ఒకరు, తిరగలి విసిరే వంతు నాదని ఒకరు, పొద్దస్తమానం కీచులాటలు. వంటాయన తలపట్టుకున్నాడు. అవ్వకు ఇప్పుడు తిరగడానికి తీరిక లేదు గాని, నాకు మాత్రం గుబులు మొదలైంది. రెండు నెలలు నిండబోతున్నాయి. అన్న కొడుకు వస్తాడు. వస్తే తీసుకుపోతాడు, రాకపోతే ఆమె గుండె పగులుతుంది. రెండింట్లో ఏది కోరుకోవాలో తెలియక గేటు చప్పుడైన ప్రతిసారీ లేచి చూసేదాన్ని.

ఒక ఆదివారం డోన్ రైలుకు దిగి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, రెండు మూర్ల పూలు తెచ్చాడు, ముసలామెకు పూలెందుకో. అవ్వ వాడి తల నిమిరి, నావైపు తిరిగి, "బియ్యం ఉంటే పెట్టమ్మే పొయ్యి మీద" అంది. వంటాయన సంతోషంగా వండాడు. అందరం వంటింట్లో కూర్చున్నాం. వాడికి విస్తరి వేసి, అన్నం గుట్టగా పోసి, నెయ్యి వేసింది. తను పళ్లెంలో సంగటి ముద్ద పెట్టుకుంది.

వాడు విస్తరి వైపే చూస్తూ, "ఇల్లు చూసినానత్తా. చిన్నదే. నువ్వొస్తానంటే…" అని ఆగాడు. ఆ ఆగడంలో అంతా ఉంది. ఇల్లు దొరకలేదో, దొరికినా పెళ్లాం ఒప్పుకోలేదో నేను అడగలేదు. అవ్వా అడగలేదు.

"ఈళ్లకు నేను లేకుంటే జరగదు నాయనా. తిను, సల్లారతాది" అంది.

వాడి భుజాలు దిగాయి. తేలికపడ్డాడని నాకు కోపం వచ్చింది. ఒక ముద్ద కలిపాడు గాని నోట్లో పెట్టుకోలేకపోయాడు. కళ్లల్లోంచి నీళ్లు విస్తట్లో పడ్డాయి.

"నాకు వరి బువ్వ పెడ్తాండావేందత్తా? నాకూ సంగటే పెట్టు. నేను చుట్టాన్నా?"

అవ్వ వాడి ముఖం చూసింది. వాడిని చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పింది ఆమేనట.

"ఈ ఇంటికి చుట్టానివే నాయనా" అంది. "నేను కాదు."

అని తన ముద్దలో సగం విరిచి వాడి విస్తట్లో అన్నం పక్కన పెట్టింది. వాడు ముందు అది తిన్నాడు. అన్నం ఆ తర్వాత తిన్నాడు, ఒక్క మెతుకు వదలకుండా.