మంట కాని మంటలు

పొద్దున పాలగిన్నె పెట్టి పొయ్యి మీట తిప్పగానే టిక్కుటిక్కుమని చప్పుడయి, గుప్పున నీలిమంట లేస్తుంది. మణికొండలో మా వంటింటి కిటికీలోంచి పక్క అపార్ట్‌మెంటు వాళ్ళ వంటిల్లు తప్ప మరేమీ కనిపించదు కనుక, పాలు పొంగేదాకా నేను ఆ మంటనే చూస్తూ నిలబడతాను. అలా చూసినప్పుడల్లా రత్నక్క గుర్తుకొచ్చి నవ్వొస్తుంది. పొయ్యి ముందు ఒంటరిగా నవ్వుకుంటున్న నన్ను చూసి మా ఆయన మొదట్లో కంగారుపడేవాడు. ఇప్పుడు అలవాటైపోయింది.

హైటెక్ సిటీలో నా మొదటి ఉద్యోగంలో రత్నక్క నాకు పైఅధికారి. అసలు పేరు నాగరత్నమ్మ, ఊరు జమ్మలమడుగు. అందరూ ఆమెను మేడం అనేవారు. నేను కొత్తగూడలో పుట్టి పెరిగిన దాన్ని, మా గల్లీలో నాకన్నా పెద్దవాళ్ళంతా అక్కలే. మొదటిరోజే నోరు జారి అక్కా అనేసి నాలుక కరుచుకుంటే, "ఇంగ అట్లనే పిలువు" అంది. ఎర్రకారం దోసెలు డబ్బానిండా తెచ్చి మా అందరికీ పంచేది. ఆమె నవ్వితే ఆ చివర కూర్చున్నవాళ్ళు కూడా తలలెత్తి చూసేవారు.

గ్యాస్ పొయ్యిలు అమ్మే ఒక కంపెనీకి మా జట్టు సాఫ్ట్‌వేర్ రాసేది. కొన్నవాళ్ళు తెలుగులో పంపే ఫిర్యాదుల్లో ప్రమాదం కనిపిస్తే వెంటనే పట్టుకోవాలి. రాతలో కావలసిన మాటను వెతికిపెట్టే సూత్రాన్ని మావాళ్ళు రెగెక్స్ అంటారు. 'మంట' అన్న మాట కనబడితే అత్యవసర విభాగంలో గంట మోగేలా ఒక సూత్రం రాసి, ఇంతేనా పని అని చేతులు దులుపుకున్నాను. మర్నాటి నుంచి గంట ఆగితే ఒట్టు. మెకానిక్ రాలేదని ఒకాయనకు ఒళ్ళు మంట, పక్కింటివాళ్ళకు ఇచ్చిన తగ్గింపు తమకివ్వలేదని ఒకావిడకు కడుపు మంట. ఇంకొకరైతే మా ఇల్లు కల్యాణ మంటపం ఎదురుగా అని చిరునామా రాశారు, దానికీ గంటే.

అత్యవసర విభాగం యాదగిరన్నది. గంట మోగినప్పుడల్లా ఆయన ఫోన్ చేసి ఇంట్లో అందరూ క్షేమమేనా అని అడగాలి. అవతలివాళ్ళు అసలే కోపం మీద ఉంటారు, తిట్లన్నీ ఆయనకే. చివరికి ఒకరోజు మా అంతస్తుకే వచ్చాడు. మేం పడీపడీ నవ్వుతుంటే ఆయన నవ్వలేదు. "జర ఆ గంట బంద్ జేయిండ్రి మేడం. ఇగ నిజంగ మంటలొచ్చినా మావోళ్ళు లేవరు" అన్నాడు. మా నవ్వు ఆగిపోయింది. శుక్రవారంలోగా సరిచేయకపోతే గంటనే తీసేస్తామని పైవాళ్ళు కూడా చెప్పేశారు. తీసేస్తే నిజంగా అంటుకున్న ఇంటికి ఫోన్ చేసేవాళ్ళే ఉండరు.

నేను కూర్చుని ఒళ్ళు మంట, కడుపు మంట, మంటపం ఉన్న సందేశాలన్నిటినీ పక్కన పడేసేలా మార్చాను. రత్నక్క నా కుర్చీ లాక్కుని ఒక సందేశం కొట్టింది. 'మీ మనిషి రాలేదు, నాకు ఒళ్ళు మంటగా ఉండాది. పొయ్యి కింద మంట వస్తాంది.' గంట మోగలేదు. "మా అమ్మ ఇట్లనే రాస్తాది. ముందు తిట్టి, తర్వాతే సంగతి చెప్తాది" అంది. ఒళ్ళు మంటతోపాటు అసలు మంటను కూడా పారేశానన్నమాట.

"అంతా పారేయాకు. ఆ ఒక్క మాట కాడ నిలబడి అటూ ఇటూ తొంగి చూడు. చూడడమే, ముట్టుకోవాకు" అని చూపించింది. సూత్రంలో ఒక ప్రశ్నార్థకం, ఒక ఆశ్చర్యార్థకం, ఇంకో గుర్తు, వాటి చుట్టూ బ్రాకెట్లు. వాటితో ప్రతి మంటనూ విడిగా పలకరించవచ్చు. ముందు 'ఒళ్ళు' గానీ 'కడుపు' గానీ ఉంటే దాన్ని వదిలేస్తుంది. తర్వాత 'పం' వచ్చినా వదిలేస్తుంది. అదే సందేశంలో ఉన్న మరో మంటను మాత్రం వదలదు. ఒళ్ళును జనం ఒళ్లు అనీ వళ్ళు అనీ రాస్తారు కనుక అవన్నీ చేర్చాం. క్యాంటీన్‌లో దొరికినవాళ్ళనల్లా అడిగి తెలుగులో ఉన్న మంటలన్నీ పోగుచేశాం, శుక్రవారం దాకా ఆఫీసంతా పండగలా ఉంది. నేను కళ్ళ మంటను కూడా తీసేయబోతే రత్నక్క ఆపింది. గ్యాస్ కారినా కళ్ళు మండొచ్చు, అనుమానమున్న చోట గంట మోగనీ అంది.

శుక్రవారం నుంచి గంట ఎంత నిశ్శబ్దంగా ఉందంటే నాకు భయమేసింది. తర్వాతి వారం ఒక మధ్యాహ్నం మోగింది. మియాపూర్ నుంచి ఒకావిడ, ఎన్నిసార్లు చెప్పినా మనిషిని పంపరు, ఒళ్ళు మంటగా ఉందండి, ఇప్పుడు ట్యూబు దగ్గర మంట వస్తోందండి అని రాసింది. యాదగిరన్న వెంటనే ఫోన్ చేసి ఆమెను బయటికి పంపించి, మనుషుల్ని పరుగెత్తించాడు. కిటికీ తెర కమిలింది, అంతే. ఆ కబురు చెప్పడానికి లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లెక్కి వచ్చాడు. సాయంత్రం ఆవిడే మళ్ళీ రాసింది. ఫోన్‌లో అంత గట్టిగా అరుస్తారా, ఒళ్ళు మంటగా ఉందండి అని. మేమంతా ఊపిరి బిగబట్టాం. గంట మోగలేదు. రత్నక్క నవ్వీనవ్వీ కళ్ళు తుడుచుకుంది. నాకు ఆ ఉద్యోగం మీద ప్రేమ పుట్టింది ఆ సాయంత్రమే.

రత్నక్క ఇప్పుడు జమ్మలమడుగులోనే ఉండి ఇంటినుంచి పని చేస్తోంది. నేను జట్లు మారాను, కంపెనీలు మారాను. ఆమె నేర్పిన సూత్రాన్ని ఇప్పుడు ఆఫీసులో కన్నా ఇంట్లోనే ఎక్కువగా వాడుతున్నాను. ఎవరైనా మండిపడితే ఆ మాట కాడ నిలబడి, దాని ముందేముందో తొంగి చూస్తాను. నిన్న సాయంత్రం మా ఆయన కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ఇరుక్కుని, ఇంటికొస్తూనే బ్యాగు సోఫాలోకి విసిరి, నాకీ ఊరే వద్దన్నాడు. ఒకప్పుడైతే మా ఊరినే అంటావా అని రాత్రంతా దెబ్బలాడేదాన్ని.

"దాని ముందు మాటేంది?" అని అడిగాను.

సోఫాలో కూలబడి, "ఆకలి" అన్నాడు. నేను వెళ్ళి పొయ్యి వెలిగించాను.