ఎస్సుకు ముందా, వెనకా

ఇంగ్లిషులో కామాలాంటి గీత ఒకటుంది. బుద్ధిగా కింద కూర్చోక అక్షరాల నెత్తికెక్కుతుంది. పేరు అపాస్ట్రఫీ. ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చుని బీడీలు చుట్టిన అక్కాచెల్లెళ్లను ఆ గీతతో నేను ఒక్క పూటలో ఎలా విడదీయబోయానో చెబుతాను, వినండి.

అప్పుడే కామారెడ్డిలో ఇంగ్లిషు డిగ్రీ ముగించి మా ఊరు ఎల్లారెడ్డికి వచ్చాను. అల్పుడికి ఐశ్వర్యమొస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నాకు డిగ్రీ వస్తే కనిపించిన ప్రతి ఎస్సుకూ గొడుగు పట్టాను. మా సుగుణ చిన్నమ్మ, ఆమె చెల్లెలు లత చిన్నమ్మ బీడీలు మానేసి ఉమ్మడిగా జాకెట్ బట్టల దుకాణం పెడుతూ బోర్డు పని నాకప్పగించారు. పైన ‘సిస్టర్స్ మ్యాచింగ్ సెంటర్’, కింద ‘విమెన్స్ వేర్’ అని రాసిచ్చి, రెండు చోట్లా ఎస్సుకు ముందే గీత పెట్టించాను. కామారెడ్డి నుంచి స్టిక్కర్ అక్షరాల బోర్డు బస్సులో దిగింది.

దుకాణం తెరిచే పొద్దున, రిటైరైన ఇంగ్లిషు సారు వచ్చి తలెత్తి చూశారు.

“ఇద్దరిదని విన్న. బోర్డేమో ఒక్కలదే అంటున్నది.”

“ఎవలది సారు?” అంది లత చిన్నమ్మ.

“అక్కదో చెల్లెదో అది చెప్పది. ఒక్కలదైతే గీత ఎస్సుకు ముందల, ఇద్దరిదైతే ఎనుక.” చాయ్ తాగి సారు వెళ్లిపోయారు. నిప్పంటించి వెళ్లినవాళ్లు కూడా అంత నిమ్మళంగా నడవరు.

“పెద్దదానివని నీ ఒక్కదాని పేరు మీద రాపిచ్చుకున్నవా అక్క?” అంది లత చిన్నమ్మ.

“నాకు ఏబీసీడీలే రావు. రాపిచ్చింది ఈ పిల్లనే గదనే.”

ఇద్దరూ నన్ను చూశారు. “గీత సంగతి తేలేదాక కొబ్బరికాయ కొట్టేది లేదు” అని లత చిన్నమ్మ గడప మీద కూర్చుంది.

స్టూలెక్కి, గోటితో గీత పీకి ఎస్సు వెనక అతికించాను. “ఇగో చిన్నమ్మ, ఇద్దరిదైంది.”

ఆమె లేచి కింది వరుస చూసింది. “మరి గిక్కడ ముందలనే ఉన్నదేంది? ఒక్క ఆడామెకే అమ్ముతమా?”

నా తల తిరిగింది. విమెన్ అంటే ఆడవాళ్లు. ఆడవాళ్లంటే చాలామంది. చాలామందైతే వెనక. కానీ ఈ మాటకు ఏదో మెలిక ఉందని క్లాసులో చెప్పినట్టు గుర్తు. ఆ మెలిక చెప్పేటప్పుడే నాకు కునుకు పట్టింది.

“అయితే... ఎనుకకేనేమో.”

“ఏమో ఏంది బిడ్డ, డిగ్రీ చదివినవు గద.”

డిగ్రీ పరువు కోసం దాన్నీ పీకి వెనక అతికించాను. కొబ్బరికాయ పగిలింది. అక్కాచెల్లెళ్లు ఒకే గల్లాపెట్టె ముందు కూర్చున్నారు.

సాయంత్రం సారు, భార్యకు జాకెట్ ముక్క కొనడానికి మళ్లీ వచ్చారు. బోర్డు కింద చాలాసేపు నిలబడ్డారు.

“పైది మంచిగైంది. కిందిదెందుకు కదిలిచ్చినవు బిడ్డ? విమెన్ అంటేనే మస్తు మంది. దానికి గీత ముందలనే ఉండాలె. పొద్దున మొత్తం బోర్డు మీద సక్కగున్నది గదొక్కటే.”

ఆనాడే స్టూలు మీద నిలబడి ప్రమాణం చేశాను. ఆస్తి ఎవరిదైనా, ఎందరిదైనా, ఇక నా చేత్తో ‘ఫలానా వారి’ అని తెలుగులోనే రాస్తాను. ఆ ‘వారి’లో ఒకరున్నా వందమందున్నా, గడప మీద కూర్చునేవాళ్లు ఉండరు.