మరక పార్టీ, గొంతు పార్టీ

ముందుగా ఒకసారి గొంతు సవరించుకుని, కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇక్కడ రాయబోయే ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్ళు ఇప్పటికే నవ్వుతూ ఉంటారు. నవ్వనివ్వండి. చీరాల నుంచి గుంటూరు దాకా బస్సు టాపు మీద నిద్రపోయి లేచేసరికి నా పక్కన పెళ్ళివారి బ్యాండుమేళం మొత్తం గురకపెడుతోందని చెప్పినప్పుడూ వాళ్ళు ఇలాగే నవ్వారు.

నిన్న ఉదయం మా ఆవిడ గోంగూర పచ్చడికి ఎండుమిరపకాయలు వేయిస్తోంది. ఆ ఘాటు ముందుగదిలోకి వచ్చి నన్ను కుర్చీలోంచి లేపింది. తుమ్ముకుంటూ వంటింట్లోకి వెళ్ళి, మూకుట్లో పడకుండా మిగిలిన కాయ ఒకటి తీసి, ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా చెవి దగ్గర పెట్టుకుని ఆడించాను. లోపల గింజలు గలగలమన్నాయి. "ఎవరండీ ఫోన్‌లో?" అంది మా ఆవిడ. "మస్తాన్‌బీ" అన్నాను. నవ్వుదామనే అన్నాను గానీ నవ్వలేకపోయాను. కళ్ళలో నీళ్ళు ఘాటువల్లే వచ్చాయని చెప్పుకునే వీలు అక్కడ ఉంది కాబట్టి వాడుకున్నాను.

తొంభైల చివర్లో గుంటూరు శివార్లలో ఒక మిరపకాయల కల్లంలో నేను గుమస్తాగా చేరాను. డిగ్రీ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పడానికి మొహం చెల్లక చేరిన ఉద్యోగం. నలభై మంది ఆడవాళ్ళు వరసల్లో కూర్చుని కాయలు ఏరేవాళ్ళు. తొడిమ తీసి, మంచి కాయ ఒక పక్కకీ, రంగు చచ్చి తెల్లబడ్డ తాలు కాయ మరో పక్కకీ విసిరేవాళ్ళు. ఎర్రటి ధూళి ఎంతగా లేచేదంటే, మా కల్లం కుక్క అయిదుసార్లు తుమ్మితేగాని మొరగలేకపోయేది. దొంగలకి కావలసినంత వ్యవధి దొరికేది. ఇది అబద్ధమనుకుంటున్నారు. కాదు.

ఆ నలభై మందికీ మేస్త్రి మస్తాన్‌బీ. యాభై దాటిన మనిషి. భర్త పోయాక ఇరవై ఏళ్ళ కిందట గోనెపట్టా మీద కూలికి కూర్చుని, ఒక్కో వరసా దాటి, మేస్త్రి అయింది. చిన్నా పెద్దా అందరికీ ఆమె మేస్త్రక్కే. కుప్పలోంచి గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించేది. "ఇది తడి. మళ్ళీ ఎండబెట్టండి" అనేది. మరో గుప్పెడు వేళ్ళ మధ్య నలిపి, "తాలు కలిసింది. ఏరండి" అనేది. కళ్ళతో చూసేది కాదు. అదేదో పెద్ద విద్య అని నేను నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. ఆ నోట్లో ధూళి పడేది. మూసేవాణ్ణి.

మా షావుకారు గారు క్రికెట్ కోసం ఆఫీసు గదిలో టీవీ పెట్టించారు. దాన్ని ఆడవాళ్ళు ఆయన దగ్గర్నించి ఎలా లాక్కున్నారో ఆయనకే తెలియలేదు. సీజనులో ఆదివారం కూడా పని ఉండేది. ఆదివారం పదిన్నరకి కల్లంలో చప్పుడు ఆగిపోయేది. ఆ సీరియల్‌కి పేరేదో ఉండేది. మాకు మాత్రం అది 'ఇద్దరు మొగుళ్ళ సీరియల్'. ఒక సైంటిస్టు మనుషుల్ని ఒకచోట మాయంచేసి మరోచోట తేల్చే అద్దాలపెట్టె కనిపెడతాడు. తనే అందులోకి దూరతాడు. ఒకడు దూరితే ఇద్దరు బయటికొస్తారు. అదే మొహం, అదే చొక్కా, ఇద్దరూ "నేనే అసలు" అంటారు. భార్య వసుంధర ఎవణ్ణి చూపిస్తే వాడు మిగులుతాడు, రెండోవాణ్ణి పెట్టెలోకి తిరిగి పంపేస్తారు. ఆమె వణుకుతూ వేలు ఎత్తింది. వేలు ఎటు తిరుగుతుందో తెలిసేలోగా 'తరువాయి వచ్చే ఆదివారం' అని అక్షరాలు పడ్డాయి.

ఆ అక్షరాల మీదికి ఎవరో చెప్పు విసిరారు. ఎవరిదో చెప్పను, ఆవిడ మనవళ్ళు ఇప్పుడు ఉద్యోగస్తులు.

"ఇద్దర్నీ ఉంచుకోక ఏడుపెందుకే దానికి? ఒకణ్ణి పొలానికి తోలి ఒకణ్ణి ఇంట్లో కట్టేసుకోక!"

"నీకేం తల్లీ, నాకు ఒక్కడితోనే తెల్లారుతోంది."

"ఇద్దర్లో తాలు ఎవడో తేల్చండి ముందు!"

ఈ మాట అన్నది కోటేశ్వరమ్మ. మూడో వరసలో కూర్చునేది. చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు. తేల్చింది కూడా తనే. "మొదటివాడే అసలు. పెట్టెలోకి పోయేముందు జేబు మీద సిరా మరక ఉంది. ఇప్పుడు మొదటివాడి జేబు మీద ఉంది, రెండోవాడికి లేదు. అయిపోయింది."

అందరూ అవునన్నారు. మరక నేనూ చూశాను, అణా కాసంత ఉంది. అప్పుడు గోడకి ఆనుకుని కూర్చున్న మస్తాన్‌బీ, "కాదు, రెండోవాడు" అంది. "మొదటివాడు 'వసుంధరా' అనేముందు గొంతు సవరించుకున్నాడు. సొంత పెళ్ళాం పేరు పిలవడానికి ఎవడన్నా గొంతు సవరించుకుంటాడా?"

"మరి మరకో?"

"మరకేంటి?"

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. కోటేశ్వరమ్మ నెమ్మదిగా, "అంత మరక కనపడలేదా మేస్త్రక్కా?" అంది.

మధ్యాహ్నానికల్లా కల్లం రెండుగా చీలింది. మరక పార్టీ, గొంతు పార్టీ. అన్నాల దగ్గర వేరువేరుగా కూర్చున్నారు. కాయల బుట్టలు కూడా ఒక పార్టీవి రెండో పార్టీ మోయలేదు. అరవడానికని వచ్చిన షావుకారు గారు గుమ్మంలో నిలబడి, "ఇంతకీ ఎవడే అసలు?" అని అడిగారు. కోటేశ్వరమ్మ కాచుకుని ఉంది. పోయిన వారం ఆమె వరసలోంచి వెళ్ళిన సరుకులో తాలు వచ్చిందని తిట్లు తిన్నది తను. ఆ కుప్పని బాగుందని దాటించింది మస్తాన్‌బీ. ఆ మంట లోపల అలాగే ఉంది.

"వచ్చే ఆదివారం తేలుద్దిలెండి అయ్యగారూ. మరకోడు అసలైతే మాత్రం, మేస్త్రక్క చూపు సంగతి మీరు ఆలోచించుకోవాలి."

షావుకారు గారు మీసం దువ్వుకుని, "సరే, ఆదివారం చూద్దాం" అన్నారు. ఒక మనిషి కళ్ళు పనిచేస్తున్నాయో లేదో టీవీలో సైంటిస్టు తేల్చాలని మా కల్లం తీర్మానించింది. అందులో తప్పేమీ ఎవరికీ కనపడలేదు, నాకు కూడా.

ఆ సాయంత్రం టీ గ్లాసు తీసుకెళ్ళి ఆమె పక్కన పెట్టాను. చెయ్యి నేలమీద తడుముకుంటూ వచ్చి గ్లాసుని తాకింది. నేను పక్కకి జరిగి ఊపిరి బిగబట్టాను.

"ఊపిరి బిగబడితే పోయావనుకుంటానా? కూర్చోరా గుమస్తా." అలా అని కాసేపు టీ ఊదుకుంది. "శుక్లాలు. రెండు కళ్ళకీ. డాక్టరు చూశాడు. ఇప్పుడే తియ్యకూడదంట, ముదరాలంట. పండిన కాయలు కోయించిన చేతులురా ఇవి. నా కంట్లో కాయ పండిందాకా ఆగమంటాడు చూడు! ఎండాకాలం పోయేసరికి పండుద్దంట."

"షావుకారు గారికి చెప్పొచ్చుగా?"

"చూపులేని మేస్త్రిని పెట్టుకుంటాడా? ఇంట్లో కూర్చోబెడతాడు. ఇరవై ఏళ్ళు ఈ కల్లంలో నేను కూర్చోవడమే గాని ఎవరూ నన్ను కూర్చోబెట్టలేదు."

"మీరు గొంతుని బట్టి ఎలా కనిపెడతారు?" అని అడిగాను. "అబద్ధం మాటలో ఉండదురా. మాటకి ముందు ఉంటది. మనిషి చెప్పేది వినకు, చెప్పబోయే ముందు ఏం చేస్తాడో అది విను" అంది. నేను చదివిన పాఠాలన్నీ మర్చిపోయాను, ఇది తప్ప.

ఆదివారం తెల్లవారుజామున గాలివాన పడింది. పట్టాలు కప్పడానికి అందరం పరిగెత్తాం. మా వైపు ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మంది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కరెంటు లేదు. పదయ్యేసరికి రెండు పార్టీలూ ఒక్కటై నా మీద పడ్డాయి. "టౌనుకి పోయి చూసి రా!" షావుకారు గారు తన సొంత తమ్ముడికి కూడా ఇవ్వని స్కూటరు తాళం నా చేతిలో పెట్టారు. బయల్దేరుతుంటే మస్తాన్‌బీ స్కూటరు చప్పుడు వచ్చిన వైపు మొహం తిప్పి కూర్చుంది.

టౌనులో టీవీ ఆడుతున్నది ఒక మంగలి షాపులోనే. గుమ్మం దాకా జనం. కుర్చీలో మనిషికి సగం గడ్డం గీసి ఉంది. కత్తి మెడ మీద ఆగిపోయింది. వసుంధర వేలు లేచేసరికి ఆ మనిషి మెడమీద కత్తి ఉన్న సంగతి మర్చిపోయి లేచి నిలబడ్డాడు. వేలు తిరిగింది. సగం షాపు ఈలలు వేసింది, సగం తిట్టింది. సగం గడ్డం మనిషి నురగతోనే రోడ్డుమీదకి పరిగెత్తి, అటుగా పోతున్న ఆటోవాణ్ణి ఆపి మరీ చెప్పాడు. ఆ సగం గడ్డం మనిషి అటునుంచి అటే పోయాడు, మిగతా గడ్డం ఎక్కడ గీయించుకున్నాడో నాకు తెలియదు.

నేను తిరిగొచ్చేసరికి నలభై మందీ తడిసిన పట్టాల మధ్య నిలబడి ఉన్నారు. షావుకారు గారు గొడుగు కింద. మస్తాన్‌బీ ఒక్కతే కూర్చుని ఉంది, ఒళ్ళో రెండు చేతులూ బిగించుకుని. నేను స్కూటరు స్టాండు వేసి, గొంతు సవరించుకుని, మొదలుపెట్టాను.

"రెండోవాడే అసలు!"

గొంతు పార్టీ కేకలు గుంటూరు దాకా వినపడి ఉంటాయి. "మరి మరక?" అని అరిచింది కోటేశ్వరమ్మ. "అదే కదా మోసం! అసలువాడి మరక పెట్టెలోనే చెరిగిపోయింది, బల్లమీద సీసాలోంచి సిరా తీసి ఆ దొంగవాడే పూసుకున్నాడు. మన కళ్ళని మోసం చెయ్యడానికి. వసుంధర కళ్ళు మూసుకుని పేరు పిలవమంది. మొదటివాడు గొంతు సవరించుకోగానే పట్టేసింది." షావుకారు గారు గొడుగు మడిచి, "మన మేస్త్రి చెవి ముందు సైంటిస్టు ఎంత!" అని లోపలికి వెళ్ళిపోయారు. చూపు మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

ఎండాకాలం గడిచి కల్లం మూసిన రోజుల్లో మస్తాన్‌బీ ఆపరేషన్ చేయించుకుంది. తిరిగి తెరిచిన రోజున సోడాబుడ్డి కళ్ళద్దాలతో వచ్చి, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. నేను చేరేనాటికే ఆమె చూపు మసకబారింది కాబట్టి అదే మొదటిసారి చూడటం. "ఇదేంట్రా, గొంతు విని కాస్త బాగుంటావనుకున్నాను!" అంది. ఆ తరవాత చాలా ఏళ్ళు మేస్త్రిగానే ఉండి, తనంతట తనే మానేసింది. ఇప్పుడు లేదు.

ఇక ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. తుమ్మే కుక్క నిజం. సగం గడ్డం మనిషి నిజం. టీవీ మీదకి చెప్పు విసరడం నిజం. ఇందులో నేను కల్పించింది ఒక్కటే. అది మీరు అనుమానించి ఉండరు. మంగలి షాపులో వసుంధర వేలు తిరిగింది మొదటివాడి వైపు. మరకవాడే అసలు. ఆ రోజు పొద్దున ఆమె చేతిలోంచే అతని జేబు మీద సిరా ఒలికిందట. గొంతు ఎందుకు సవరించుకున్నాడంటే, ఆ అద్దాలపెట్టెలో చలికి పాపం జలుబు చేసిందట. దొంగవాడు సిరా పూసుకోవడమూ, వసుంధర కళ్ళు మూసుకోవడమూ, టౌనుకీ కల్లానికీ మధ్య స్కూటరు మీద నేను కట్టిన కథ. తరవాతి వారం మిగిలినవాడు చొక్కా మార్చుకుని వచ్చాడు. ఇద్దరిదీ ఒకే మొహం కాబట్టి మిగిలింది ఎవడో మా కల్లంలో ఎవరికీ తెలిసే దారి లేకపోయింది. నా జీవితంలో నేనాడిన అబద్ధాల్లో అంత బందోబస్తుగా నిలిచింది మరొకటి లేదు.

కాని ఇద్దరికి తెలిసింది. పదిరోజుల తరవాత కోటేశ్వరమ్మ నా బల్ల దగ్గరకొచ్చి, "వాడరేవులో మా చెల్లెలు కూడా ఆ సీరియల్ చూసిందంట. ఇంకోలా చెప్పింది" అంది. "సముద్రం గాలికి అక్కడ టీవీల్లో బొమ్మ అటుదిటు పడుతుందమ్మా" అన్నాను. నా మొహంలోకి చూసింది. తరవాత మస్తాన్‌బీ కూర్చున్న వైపు చాలాసేపు చూసింది. "అంతే అయ్యుంటది" అని వెళ్ళి, తన పట్టా తీసి మేస్త్రక్క పక్కన వేసుకుంది. ఆపరేషన్ దాకా ఆ మనిషి చేతికింద జారిపోయిన తాలు కాయల్ని నోరెత్తకుండా ఏరింది తనే.

రెండో ఆమె మస్తాన్‌బీ. ఆ గాలివాన సాయంత్రమే, నేనిచ్చిన టీ అందుకుంటూ, "ఒరేయ్, స్టాండు వేశాక గొంతు సవరించావు" అంది. "మేస్త్రక్కా, అసలు ఏమైందంటే..." అన్నాను. "చెప్పమాకు. నాకు నీ కథే బాగుంది" అని టీ తాగింది.

అప్పటినుంచి నేను చాలా కథలు చెప్పాను. చాలామంది నమ్మారు, కొందరు నమ్మినట్టు నటించారు. ఎవరైనా నాకేదైనా చెప్పబోతుంటే మాత్రం, మాటకి ముందు వచ్చే ఆ కాస్త చప్పుడు కోసం ఇప్పటికీ చెవి పెడతాను. అది వినపడినా, ఆ అబద్ధం ఎవరికోసమో తెలిసేదాకా నోరెత్తను. మీరు కాగితం మీద చదువుతున్నారు కాబట్టి నేను దొరకలేదు. ఆమె అయితే మొదటి వాక్యం దగ్గరే నన్ను పట్టుకునేది.