దగ్గిన అంతరాత్మ

తెలుగు లెక్చరరంటే పెళ్లి శుభలేఖలు రాసిపెట్టేవాడని బెజవాడలో ఒక గట్టి నమ్మకం. భవానీపురంలో మా వీధివాళ్లు పెళ్లికొడుకు డిగ్రీలక్కూడా నన్నే విశేషణాలు వెతకమనేవారు.

డెబ్బై నాలుగులో నేనొక కాలేజీలో బి.ఏ. వాళ్లకు నాటకం పాఠం చెప్పేవాణ్ని. ఫైనలియర్ వాళ్లు తాము చూసిన నాటకం మీద ఒక పేపర్, అంటే విశ్లేషణ వ్యాసం, రాసి సెమినార్‌లో అందరి ముందూ చదవాలి. చల్లపల్లి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న సుశీలకు అది మరీ ముఖ్యం. "నేనొచ్చి వింటాను. బాగుంటే ఎమ్మే, లేకపోతే ఇంటికి" అని వాళ్ల నాన్న వెంకటరత్నం గారు తేల్చేశారు.

సుశీల చూసిన నాటకం, తన అన్నగారి మాట జవదాటని ఒక తమ్ముడి కథ. "తమ్ముడు నోరు తెరిచే ముందు ప్రతిసారీ అతని అంతరాత్మ పలుకుతుంది. రెండో అంకంలో అది గట్టిగా దగ్గుతుంది. ఇది అపరాధ భావానికి సంకేతం" అని రాసుకొచ్చింది.

"ఎక్కడ కూర్చున్నావమ్మా?"

"ఎడంపక్క, మొదటి వరసలోనండీ."

"అది అంతరాత్మ కాదు, ప్రాంప్టర్. తెర పక్కన నిలబడి, మరిచిపోయిన డైలాగులు అందిస్తాడు."

"అన్నీ మరిచిపోయాడాండీ?"

"ఆ నటుణ్ని నేనెరుగుదును. మరిచిపోవాలంటే ముందు నేర్చుకోవాలి కదా."

ఆమె ముఖం వాడిపోయింది. "సోమవారమే సెమినారండీ. నాన్న బస్సెక్కేస్తారు."

నాకు చెయ్యి దురద పెట్టింది గానీ, కలం మూత తియ్యలేదు. మర్నాడు ఆమే కొత్త వ్యాసం తెచ్చింది. రెండుసార్లు చదివి, "బాగుంది" అని తిరిగిచ్చేశాను.

సోమవారం వెంకటరత్నం గారు ముందు వరసలో కూర్చున్నారు. నేను స్టేజీ పక్కన నిలబడ్డాను.

"నేను ప్రాంప్టర్‌ని అంతరాత్మ అనుకున్నాను" అని మొదలుపెట్టింది సుశీల. హాలు గొల్లుమంది. "ఎందుకంటే ఆ తమ్ముడికి సొంత మాట ఒక్కటీ లేదు. కథలో అన్న అందిస్తాడు, స్టేజీ మీద ప్రాంప్టర్ అందిస్తాడు. నాకు తేడా తెలియలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. చివర్లో చప్పట్లకు మా ప్రిన్సిపాల్ గారు కూడా లేచారు. నిద్ర లేచారని కొందరి అభిప్రాయం.

తప్పు చూపించి, ఆపైన నోరు మూసుకోవడమే మాస్టారి పని అని ఆ రోజు నాకు తెలిసొచ్చింది. కాస్త గర్వంగానే వెంకటరత్నం గారితో అన్నాను: "అందులో ఒక్క ముక్క కూడా నేను అందించలేదండీ."

"ఎమ్మేకి పంపిస్తాలెండి" అన్నారాయన. "అది సరేగానీ మాస్టారూ, మా అమ్మాయి చదువుతున్నంతసేపూ మీ పెదాలెందుకు కదిలినయ్యండీ?"