సుగుణ మోయగలిగే స్టాండు

శనివారం ఉదయం పదిన్నరకు వనస్థలిపురంలో ఆటో ఎక్కాం, నేనూ నా భార్య సుగుణా. సోమవారం ఆమెకు మొదటి కీమో. జుట్టు ఊడిపోతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. జడ ఉండగానే ఒక మంచి ఫోటో కావాలని సుగుణ పట్టుబట్టింది.

"ఊరందరి పెండ్లిళ్లు తీసినవ్, నాది ఒక్కటన్న తీసినవా? రేపు దండ ఏసేటందుకు ఆధార్ కార్డు బొమ్మ పెడ్తవా ఏంది?" అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

నిజమే. నల్లగొండ పక్క ఊళ్లో స్టూడియో నడిపిన ముప్పై ఏళ్లూ నేను కెమెరా పట్టుకుంటే, ఆమె ఇనుప స్టాండు భుజాన వేసుకొని వెనకే నడిచింది. స్టూడియో మూసినప్పుడు ఆ స్టాండును పాత సామాన్లకు వేశాం. పాడవకుండా ఫ్రిజ్‌లో ఒక్క ఫిల్ము రీలు మాత్రం దాచాను. కిటికీ వెలుగులో తీయాలంటే షట్టరు ఒక సెకను తెరిచి ఉండాలి, నా చేతులేమో వణుకుతున్నాయి. స్టాండు తప్పదు. సుగుణ ఒక షరతు పెట్టింది: "తేలికది కొను. గిప్పుడు గూడ నేనే మోస్త."

ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషనే దిల్‌సుఖ్‌నగర్. పదకొండున్నరకల్లా సందులోని కెమెరా దుకాణంలో ఉన్నాం. వెళ్లేవాళ్లు మీ కెమెరా వెంట తీసుకెళ్లండి. స్టాండుకు బిగించి, పైన వేలితో తోసి చూడండి. మొదటిది తోస్తే ఊగింది. రెండోది గట్టిదే, కానీ సుగుణ ఎత్తబోయి వెంటనే దించేసింది. మూడోది తేలికైన కార్బన్ ఫైబర్‌ది, కిలో పైచిలుకు. అదీ కొంచెం కదిలింది.

"మధ్య గొట్టం పైకి లాగకండి మాస్టారూ. కింద కొక్కెం ఉంది, ఏదైనా బరువు తగిలించండి" అన్నాడు దుకాణదారు.

సుగుణ తన సంచి తగిలించింది. అందులో ఆసుపత్రి ఫైలు, మందులు, నీళ్ల సీసా. స్టాండు కదలకుండా నిలబడింది.

"సూసినవా, నా రోగం గూడ అక్కరకొచ్చె!" అంది. దుకాణదారు తల వంచుకొని బిల్లు రాశాడు. అయ్యో, ఈమెతో ఎట్లా వేగాలి అనుకుంటూనే కళ్లు తుడుచుకున్నాను.

పక్క హోటల్లో ఇడ్లీ తిన్నాం. ఆమె ఒకటి తిని చాలంది. ఒంటిగంటకు తిరుగు మెట్రో. స్టాండును ఒళ్లో పెట్టుకుని కూర్చున్న సుగుణను పక్కనావిడ పలకరించింది.

"ఏం పెద్దమ్మా, షూటింగా?"

"ఔ బిడ్డా. గీసారి హీరోయిన్ నేనే."

ఎల్బీ నగర్‌లో దిగాక సుగుణ స్టాండును నన్ను ముట్టుకోనివ్వలేదు. భుజాన వేసుకొని పాతరోజుల్లో లాగే నడిచింది, కాకపోతే ఈసారి నా ముందు. ఆటోలు ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉండగా ఆగిపోయింది.

"గిది గూడ బరువైతున్నదయ్యా. జర నువ్వు పట్టుకో."

ముప్పై ఏళ్లలో ఆమె స్టాండును నా చేతికివ్వడం అదే మొదటిసారి. తేలికని ఏరి తెచ్చుకున్న దాన్ని ఆటో దాకా మోయడానికి నాకు రెండు చేతులూ కావాల్సి వచ్చాయి.