కాయిల్ మీద తడి తువ్వాలు

తొంభైల నాటి మాట. మా నాన్న భీమవరంలో పాత కారొకటి టాక్సీగా నడిపేవారు. ఎండలో కాస్త దూరం వెళ్తే చాలు, ప్లగ్గులకు కరెంటిచ్చే కాయిల్ వేడెక్కి ఇంజన్ ఆగిపోయేది. నాన్న భుజం మీది తువ్వాలు కాలవలో తడిపి, కాయిల్‌కి చుట్టి, చల్లారాక బయల్దేరేవారు.

ఒక మే నెలలో రాజమండ్రి ఆసుపత్రిలో నాన్న పోయారు. చుట్టూ ఐసు పెట్టి, ఆయన కారులోనే ఇంటికి తీసుకొస్తున్నాం. పొద్దుగుంకేలోపు దహనం జరగాలి. నడుపుతున్నది నాన్న స్నేహితుడు సత్యం బాబాయి. తణుకు దాటాక కారు ఆగిపోయింది.

బాబాయి నాన్న తువ్వాలు పట్టుకుని కాలవలోకి దిగాడు. అడుగున బీటలే కనిపించాయి. ఎండాకాలం కదా, మరమ్మతులకని కాలవలు కట్టేశారు. దగ్గర్లో ఒక్క ఇల్లు కూడా లేదు.

"ఐసుంది కదండీ" అంది అమ్మ.

బాబాయి వెనక్కి తగ్గాడు. "అది అన్నయ్య ఒంటికి తగిలిందండీ, వదినగారూ. మైల. బండికి పెట్టకూడదు."

అమ్మ నాన్న గుండెల పక్కనున్న ఐసు ముక్క తీసి, ఆ తువ్వాలులోనే మూటకట్టి బాబాయి చేతిలో పెట్టింది.

"ఆయన బండికి ఆయన పెట్టుకోడానికి మైలేంటండీ?"

కాసేపటికి ఇంజన్ అందుకుంది. ఇల్లు చేరేసరికి ఇంకా పొద్దుంది. అమ్మ కాయిల్ మీది తువ్వాలు విప్పి, తడితోనే నాన్న భుజాన వేసింది.

ఇప్పటి కార్లకు ఆ బాధ లేదు. కానీ ఎండిన కాలవ గట్టున వెళ్లినప్పుడల్లా, ఆ రోజు మమ్మల్ని ఇంటికి చేర్చింది నాన్నే అనిపిస్తుంది.